ఫొటో ముందు, డెకాల్ తర్వాత, కిట్ ఆఖరున

(హైదరాబాద్‌లో స్కేల్ మోడళ్లు చేసేవాళ్లు కలుసుకున్నప్పుడు ఇచ్చిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున్నే ఇంతమంది వచ్చారు, చాలా సంతోషం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకి రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి.

ఇవాళ నేను ఒక్క విషయం గురించే మాట్లాడతాను. సైనిక హెలికాప్టర్ల మోడళ్లకి మనం విడిగా కొనుక్కునే డెకాల్స్, అంటే నీళ్లలో నానబెట్టి మోడల్ మీద అతికించే అచ్చు గుర్తులు. ఆఫ్టర్‌మార్కెట్ డెకాల్స్ అంటాం కదా, అవి. మోడల్ భాగాలు వచ్చే కిట్ పెట్టెలో కంపెనీవాళ్లు ఒక డెకాల్ షీట్ ఇస్తారు. అందులో రెండో మూడో హెలికాప్టర్ల గుర్తులు ఉంటాయి. మనకి కావలసింది అందులో ఉండకపోవచ్చు. ఉన్నా రంగు తేడాగా ఉండొచ్చు, అక్షరాలు లావుగా ఉండొచ్చు. అప్పుడు వేరే తయారీదారు దగ్గర షీట్ కొంటాం. చాలామంది దీన్ని చివరి పనిగా చూస్తారు. మోడల్ అతికించి, రంగు వేసి, ఇక గుర్తులు మిగిలాయి అనుకున్నప్పుడు డెకాల్స్ వెతుకుతారు. అది తలకిందుల పద్ధతని నా గట్టి అభిప్రాయం. ముందు ఒక ఫొటో ఎంచుకోవాలి. ఆ ఫొటోకి సరిపోయే డెకాల్ షీట్ వెతకాలి. ఆ షీట్ ఏ కిట్‌కి సరిపోతుందో చూసి, ఆఖరున కిట్ కొనాలి. ఎందుకలా అంటున్నానో ఒక హెలికాప్టర్ కథతో చెప్తాను.

1969 జులై 24న అపోలో 11 వ్యోమగాములు పసిఫిక్ సముద్రంలో దిగారు. ఆర్మ్‌స్ట్రాంగ్, ఆల్డ్రిన్, కాలిన్స్ ముగ్గుర్నీ అక్కణ్ణించి యూఎస్ఎస్ హోర్నెట్ నౌక మీదికి చేర్చింది అమెరికా నౌకాదళానికి చెందిన ఒక సీ కింగ్ హెలికాప్టర్. హెచ్ఎస్-4 అనే స్క్వాడ్రన్‌ది. దాని ఒంటి మీద పెద్ద అంకెల్లో 66 అని ఉంటుంది. అపోలో 8, 10, 11, 12, 13. ఈ ఐదు యాత్రల రికవరీలోనూ, అంటే వ్యోమగాముల్ని సముద్రం నుంచి తీసుకొచ్చే పనిలోనూ, పాల్గొన్నది ఆ ఒక్క హెలికాప్టరే. టీవీలో, పత్రికల్లో ప్రపంచమంతా ఆ నంబర్‌ని చూసింది.

ఈ మధ్యలో నౌకాదళం మూడంకెల నంబర్ల పద్ధతికి మారింది. మన హెలికాప్టర్ నంబర్ 740 అయింది. కానీ జనానికి తెలిసింది 66. అందుకని అపోలో రికవరీ వచ్చినప్పుడల్లా 740 తీసేసి 66 వేసేవారు. పని అయ్యాక మళ్లీ 740 వేసేవారు. అంటే ఒకే హెలికాప్టర్, ఒకే నౌకాదళం, కానీ ఏ నెలలో ఫొటో తీశారన్నదాన్ని బట్టి నంబర్ మారిపోతుంది. పైగా ఒక్కో రికవరీకి గుర్తుగా ఒంటి మీద చిన్న క్యాప్సూల్ బొమ్మ వేసేవారు. ఆ బొమ్మలెన్ని ఉన్నాయో లెక్కపెడితే అది ఏ యాత్ర నాటి 66 అన్నది తెలుస్తుంది. అపోలో 11 నాటి మోడల్ చేస్తూ అపోలో 13 తర్వాతి గుర్తులు పెడితే, ఆ రోజు అలాంటి హెలికాప్టర్ ఈ భూమ్మీద లేనట్టే.

అసలు 66 ఇప్పుడు లేదు. 1975 జూన్ 4న శాన్ డియాగో దగ్గర సముద్రంలో కూలి మునిగిపోయింది. అమెరికా మ్యూజియాల్లో మీరు చూసే 66లన్నీ వేరే సీ కింగ్‌లకి ఆ నంబర్ వేసి నిలబెట్టినవే. అసలు యంత్రం సముద్రం అడుగున ఉంది, దాని గుర్తులు మాత్రం బతికి ఉన్నాయి. మనం టేబుల్ మీద చేసే పని ఎంత విలువైందో నాకు ఈ ఒక్క కథతో అర్థమవుతుంది. డెకాల్ షీట్ అలంకారం కోసం కాదు. మోడల్‌కి తారీఖు, ఊరు, పని మూడూ ఇచ్చేది అదే.

ఇప్పుడు హ్యూయీ దగ్గరికి వద్దాం, అదే అమెరికా ఆర్మీ యూహెచ్-1 హెలికాప్టర్. ఇక్కడున్న వాళ్లలో సగం మందైనా హ్యూయీ చేసి ఉంటారు. వియత్నాం యుద్ధం అనగానే కళ్ల ముందుకి వచ్చేది అదే. హ్యూయీ కిట్‌లకి కొదవ లేదు, ఇటలేరి ఉంది, అకాడమీ ఉంది, పాత మోనోగ్రామ్ ఉంది. కానీ వియత్నాంలో ఎగిరిన వేల హ్యూయీల్లో ప్రతి సైనిక కంపెనీకీ దాని పేరు, దాని బొమ్మ, దాని రంగు ఉండేవి. కిట్ షీట్‌లో వాటికి చోటు చాలదు. ఆఫ్టర్‌మార్కెట్ షీట్ల అవసరం బాగా తెలిసేది ఇక్కడే.

మొదట్లో హ్యూయీల తోక బూమ్ మీద యునైటెడ్ స్టేట్స్ ఆర్మీ అని తెల్ల అక్షరాలు పెద్దగా ఉండేవి, దూరం నుంచి కూడా కనిపించేవి. యుద్ధం పెరిగేకొద్దీ ఆ తెలుపు నేల మీది తుపాకులకి గురి చూపిస్తోందని నల్ల అక్షరాలకి మారారు. మెరిసే ఆకుపచ్చ ముదురు రంగు పోయి మెరుపు లేని ఆకుపచ్చ వచ్చింది. 1964 నాటి హ్యూయీకీ 1969 నాటి హ్యూయీకీ ప్లాస్టిక్‌లో కనిపించని తేడా గుర్తుల్లో కనిపిస్తుంది. అలాగని ప్లాస్టిక్‌లో తేడాలే లేవని కాదు. యూహెచ్-1డీకి గాలిలో వేగం కొలిచే పిటో ట్యూబ్ ముక్కు దగ్గర ఉంటుంది, యూహెచ్-1హెచ్‌కి పైకప్పు మీద ఉంటుంది. షీట్ మీద హెచ్ అని రాసి ఉంటే మీ కిట్‌లో ట్యూబ్ ఎక్కడుందో చూసుకోండి. కిట్ ఆఖరున కొనమన్నది అందుకే.

నాకు చాలా ఇష్టమైనవి డస్టాఫ్ హ్యూయీలు. డస్టాఫ్ అంటే గాయపడ్డవాళ్లని యుద్ధరంగం నుంచి ఆస్పత్రికి తెచ్చే హెలికాప్టర్ల కాల్ సైన్, అంటే రేడియోలో పిలిచే పేరు. 1962లో వియత్నాం వెళ్లిన 57వ మెడికల్ డిటాచ్‌మెంట్‌తో ఇది మొదలైంది. 1964లో దాని కమాండర్ మేజర్ ఛార్లెస్ కెల్లీ. 1964 జులై 1న కెల్లీ గాయపడ్డవాళ్లని ఎక్కించుకోడానికి దిగాడు. కాల్పులు ఎక్కువగా ఉన్నాయి, వెళ్లిపొమ్మని కింద నుంచి రేడియోలో చెప్పారు. మీ గాయపడ్డవాళ్లు నా దగ్గరికి వచ్చాక వెళ్తానని జవాబిచ్చాడు. ఆ కాసేపట్లోనే తూటా తగిలి చనిపోయాడు. ఆ మాట తర్వాత డస్టాఫ్ పైలట్లందరికీ వ్రతంలా నిలిచిపోయింది.

ఆ హెలికాప్టర్‌ని మిగతా హ్యూయీల నుంచి వేరు చేసేది ఒక్కటే, తెల్ల చతురస్రంలో ఎర్ర క్రాస్. ముక్కు మీద, తలుపుల మీద. కింద నుంచి కాల్చవద్దని చెప్పే గుర్తు అది. చాలాసార్లు కాల్చారు కూడా. ఫస్ట్ కావల్రీ డివిజన్ వాళ్ల మెడివాక్ హెలికాప్టర్లు, అంటే గాయపడ్డవాళ్లని మోసేవి, తలుపుల దగ్గర మెషిన్ గన్‌లతో వెళ్లేవి. మీరు ఎర్ర క్రాస్ పెట్టిన హ్యూయీకి గన్ పెట్టాలా వద్దా అన్నది ఏ యూనిట్ అన్నదాన్ని బట్టే ఉంటుంది. అది కూడా షీట్‌తో పాటు వచ్చే కాగితం చదివితేనే తెలుస్తుంది. అందుకే మంచి షీట్‌కి మంచి సూచనల పత్రం ఉండాలని పట్టుబడతాను. కొన్ని షీట్లతో నాలుగు పేజీల చరిత్ర వస్తుంది. ఏ యూనిట్, ఏ బేస్, ఏ సంవత్సరం, ఎడమ వైపు ఫొటో ఉందా కుడి వైపు ఉందా అన్నీ రాస్తారు. అలాంటి తయారీదారుకి రెండు వందలు ఎక్కువిచ్చినా నాకు బాధ ఉండదు.

ఈ ఎర్ర క్రాసే అచ్చు పనిలో అసలైన పరీక్ష. సిరా పొర చాలా పలచన. కింద తెలుపు లేకుండా ఎరుపుని ఆకుపచ్చ మీద పెడితే అది ఎరుపుగా ఉండదు, గోధుమ రంగులోకి దిగిపోతుంది. అందుకని ముందు తెలుపు అచ్చు వేసి, దాని మీద ఎరుపు వేస్తారు. స్క్రీన్ ప్రింటింగ్‌లో ఒక్కో రంగుకి ఒక్కో స్క్రీన్. అన్నీ ఒకే చోట పడాలి. వెంట్రుకవాసి పక్కకి జరిగితే క్రాస్‌కి ఒక వైపు తెల్ల అంచు ఎక్కువగా, ఇంకో వైపు తక్కువగా కనిపిస్తుంది. ఈ రంగుల అమరికనే రిజిస్టర్ అంటారు. షీట్ కొన్నాక మొదట చేయాల్సింది భూతద్దం తీసి గుండ్రటి గుర్తులన్నీ చూడటం. ఇటలీలోని కార్టోగ్రాఫ్ అచ్చు వేసిన షీట్లకి ఇంత పేరు రావడానికి కారణం ఈ అమరికే, ఆ తెలుపు చిక్కదనమే.

చిన్న తయారీదారుల్లో కొందరు జపాన్ కంపెనీ ఆల్ప్స్ తయారుచేసిన ప్రింటర్లతో పని చేసేవారు. ఆ ప్రింటర్ తెలుపు కూడా వేయగలదు, అదే దాని గొప్ప. కానీ వాటి డెకాల్స్ గోరు తగిలితే గీతలు పడతాయి, దగ్గరగా చూస్తే చుక్కలు కనిపిస్తాయి. 2010లో ఆల్ప్స్ ఆ ప్రింటర్ల అమ్మకాలు ఆపేసింది. అయినా వాటితో అచ్చు వేసిన షీట్లు ఇప్పటికీ చేతులు మారుతూ ఉంటాయి. మీకు దొరికితే నీళ్లలో వేసే ముందే మెరుపు వార్నిష్ ఒక పూత వేయండి. ఇంకో సంగతి, వీటిలో షీట్ మొత్తం ఒకే వార్నిష్ పొరగా ఉంటుంది. అక్షరం చుట్టూ దగ్గరగా కత్తిరించుకోకపోతే పొర అంచు గీతలా కనిపిస్తుంది.

షార్క్ నోరు గురించి చెప్పకుండా హ్యూయీని వదలలేను. 174వ అసాల్ట్ హెలికాప్టర్ కంపెనీ, డక్ ఫో దగ్గర ఉండేది. వాళ్ల సైనికుల్ని మోసే హెలికాప్టర్లు డాల్ఫిన్స్, ఆయుధాలతో దాడి చేసే గన్‌షిప్‌లు షార్క్స్. గన్‌షిప్‌ల ముక్కు నిండా సొరచేప నోరు, పళ్లు, కళ్లు. చాలామందికి అది చేయాలనుంటుంది. ఇక్కడో ఇబ్బంది ఉంది. హ్యూయీ ముక్కు అన్ని వైపులా వంకర తిరిగి ఉంటుంది, పైగా కింద పైలట్ కాళ్ల దగ్గర గాజు కిటికీలు. చదునైన కాగితం మీది బొమ్మ అలాంటి ఆకారం మీద కూర్చోవాలంటే దాన్ని గీసినవాడు ఒక నిర్దిష్టమైన కిట్‌ని ముందు పెట్టుకుని గీసి ఉండాలి. ఇటలేరి ముక్కుకి గీసిన నోరు అకాడమీ ముక్కుకి కుదరదు, పళ్లు కిటికీ దగ్గర కలవవు. స్కేల్ ఒకటే అయినా సరే. షీట్ మీద ఏ కిట్‌కి గీశారో రాసి ఉంటే అదే కిట్ కొనండి. రాయకపోతే నోరు మాత్రం రంగుతో వేసి, కళ్లు, అంకెలు డెకాల్స్ వాడండి.

తలుపుల సంగతి కూడా. హ్యూయీ కార్గో తలుపు వెనక్కి జారుతుంది. తలుపు తెరిచి పెడితే దాని మీది క్రాస్ కూడా వెనక్కి పోతుంది. తలుపుని అతికించకముందే, విడిగా ఉన్నప్పుడే డెకాల్ వేయండి. ముందు అతికించేస్తే పట్టాల కింద పొర కూర్చోదు.

ఇక స్టెన్సిళ్లు. ప్రమాదం, ఇక్కడ అడుగు వేయొద్దు, తోక రోటర్ ఉంది జాగ్రత్త, బయటి నుంచి తలుపు తీయాలంటే ఇక్కడ లాగండి లాంటి చిన్న చిన్న రాతలు. విమానాల మోడళ్లు చేసేవాళ్లు వీటిని కొంచెం పట్టించుకోకపోయినా ఫర్వాలేదు కానీ హెలికాప్టర్‌కి ఇవి ప్రాణం. తోక రోటర్ తిరుగుతున్నప్పుడు కంటికి ఆనదు, నేల మీదున్న మనిషి దానికి తగులుతాడు. అందుకే ఆ చివర అన్ని బాణాలు, అన్ని హెచ్చరికలు. అంగుళం ఎత్తున్న అక్షరం 1/72 స్కేల్‌లో, అంటే అసలు దానిలో 72వ వంతు సైజులో, 0.35 మిల్లీమీటర్లు అవుతుంది. 1/48లో అర మిల్లీమీటర్. మంచి అచ్చులో 1/48 స్టెన్సిల్ భూతద్దంతో చదవొచ్చు. 1/72లో నేను చదవగలగాలని కోరను, అక్షరాల వరుసలా కనిపిస్తే చాలు.

స్కేల్ అన్నాను కాబట్టి ఒక లెక్క. హ్యూయీ డీ, హెచ్ రకాల మెయిన్ రోటర్ వ్యాసం 48 అడుగులు. 1/72లో దాదాపు 20 సెంటీమీటర్లు, 1/48లో 30, 1/35లో 42 దగ్గర. అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లు షీట్ కొనే ముందు అలమార కొలవండి.

ఇప్పుడు వేసే పద్ధతి. చాలామందికి తెలిసిందే కాబట్టి మన ఊళ్లకి సంబంధించినవి మాత్రం చెప్తాను. డెకాల్ కింద గాలి చిక్కుకుంటే వెండి పొరలా మెరుస్తుంది, సిల్వరింగ్ అంటాం. మ్యాట్ రంగు పైకి చదునుగా కనిపించినా గరుకుగా ఉంటుంది, ఆ గరుకులో గాలి దాక్కుంటుంది. అందుకే ముందు మెరుపు వార్నిష్ వేసి నున్నగా చేయాలి. హెలికాప్టర్ల మీద ఉబ్బెత్తు రివెట్లు, గ్రిల్‌లు, పైపులు ఎక్కువ కాబట్టి వార్నిష్ ఒక పూత చాలదు. డెకాల్ పెట్టాక మెత్తబరిచే ద్రావణం వేయాలి. మైక్రో సెట్ కింద, మైక్రో సోల్ పైన. లేదా మిస్టర్ మార్క్ సెట్టర్, మిస్టర్ మార్క్ సాఫ్టర్. సాఫ్టర్ వేశాక పొర పాల మీద మీగడలా ముడతలు పడుతుంది. అప్పుడు వేలు పెట్టారా, చిరిగిపోతుంది. వదిలేయండి. దానంతటదే సర్దుకుంటుంది. మర్నాడు కూడా రివెట్ చుట్టూ గాలి మెరుస్తుంటే సన్నటి సూదితో పొడిచి ఇంకో చుక్క వేయండి.

హైదరాబాద్‌లో చాలా ఇళ్లలో బోరు నీళ్లు. ఉప్పు ఎక్కువ. ఆ నీళ్లు ఎండాక డెకాల్ చుట్టూ తెల్ల మరకలు మిగులుతాయి. ఆర్వో నీళ్లో, బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటరో వాడండి, కొంచెం గోరువెచ్చగా. మే నెలలో ఫ్యాన్ కింద కూర్చుని డెకాల్ జరపకండి, సగం జరిపేలోపే ఆరి అతుక్కుంటుంది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వైపు నుంచి వచ్చినవాళ్లకి ఇబ్బంది వేరు. వానాకాలంలో లాకర్ స్ప్రే వార్నిష్ కొడితే గాలిలో తేమ పట్టి తెల్లగా మసకేస్తుంది. ముదురు ఆకుపచ్చ హెలికాప్టర్ మీద అది చాలా బాధ పెడుతుంది. తేమ తక్కువున్న రోజు చూసుకోండి, లేదంటే ఏసీ గదిలో నీటి ఆధారిత వార్నిష్ బ్రష్‌తో వేయండి. షీట్లని జిప్ కవర్లో సిలికా జెల్ పొట్లంతో పెట్టి నిలవ చేయండి. తేమ తగిలితే వెనక జిగురు పాడవుతుంది.

మన హెలికాప్టర్ల సంగతికి వస్తాను. నా మనసంతా అక్కడే ఉంది. ఏ దేశంవాళ్లు ఆ దేశపు హెలికాప్టర్ల డెకాల్స్‌ని ప్రేమగా చేసుకున్నారు. రష్యాలో బెగెమోట్ అనే సంస్థ ఎంఐ-8, ఎంఐ-24 హెలికాప్టర్లకి షీట్లు వేసింది. హంగేరీ ఎంఐ-24లకి హంగేరియన్ ఏరో డెకాల్స్ వాళ్లు వేశారు. అమెరికాలో వెర్నర్స్ వింగ్స్ అయితే హెలికాప్టర్లనే ప్రధానంగా పట్టించుకుంటుంది. మన హెలికాప్టర్లకి దొరికేవి చాలా తక్కువ. ఉండాల్సినంత లేవు.

ఉండాల్సినవి ఏంటో చూడండి. ఇక్కడికి దగ్గర్లో హకీంపేట. వాయుసేన హెలికాప్టర్ శిక్షణ పాఠశాల అక్కడే. చేతక్‌లు అక్కడి ఆకాశంలో దశాబ్దాలుగా తిరుగుతున్నాయి. ఈ చేతక్ అసలు ఫ్రాన్స్‌ వాళ్ల అలూయెట్ 3. 1960ల నుంచి బెంగళూరులో హెచ్ఏఎల్ లైసెన్స్ మీద తయారుచేసింది. అలూయెట్ కిట్ దొరుకుతుంది, అందులో ఫ్రెంచ్ గుర్తులుంటాయి. దాన్ని హకీంపేట చేతక్‌గా మార్చేది డెకాల్స్ మాత్రమే. కాషాయం, తెలుపు, ఆకుపచ్చ రౌండెల్, అంటే మన దేశాన్ని తెలిపే గుండ్రటి గుర్తు, జెడ్ అక్షరంతో మొదలయ్యే సీరియల్ నంబర్. ఇంతే, కానీ ఈ కొంచెమే సరిగ్గా ఉండాలి. రౌండెల్ మూడు వలయాలు. రిజిస్టర్ కాస్త తప్పినా తెల్ల వలయం ఒక పక్క సన్నబడిపోతుంది. కాషాయం నారింజ పండు రంగులోకి వెళ్లినా, ఇటుక రంగులోకి వెళ్లినా మన కంటికి వెంటనే తెలుస్తుంది. పరాయి దేశంలో అచ్చు వేసేవాళ్ల కంటికి తెలియదు. ఈ పని మనవాళ్లే చేయాలి అనడానికి ఇదే నా కారణం.

ఆదిభట్ల గురించి మీ అందరికీ తెలుసు. 2018 నుంచి టాటా, బోయింగ్ కలిసి అపాచీ యుద్ధ హెలికాప్టర్ల ఫ్యూజలాజ్‌లు, అంటే వాటి ఒళ్లు, అక్కడ తయారుచేస్తున్నారు. అవి అమెరికా వెళ్లి అపాచీలుగా పూర్తవుతాయి. కొత్త అపాచీ, అంటే ఏహెచ్-64ఈ, కిట్ మీద మీరు అమెరికా ఆర్మీ గుర్తులు వేస్తున్నా సరే, ఆ అసలు యంత్రం ఒళ్లు మన ఇబ్రహీంపట్నం రోడ్డు పక్కన పుట్టి ఉండొచ్చు. వాయుసేన అపాచీలు 2019 సెప్టెంబర్‌లో పఠాన్‌కోట్‌లో 125వ స్క్వాడ్రన్‌లో చేరాయి. గ్లాడియేటర్స్ అంటారు వాళ్లని. అదే యూనిట్ అంతకుముందు ఎంఐ-25లు, ఎంఐ-35లు నడిపింది. ఎంఐ-25లు 1980లలో శ్రీలంకలో శాంతిసేనతో పనిచేశాయి. ఒక్క స్క్వాడ్రన్ చిహ్నం, రష్యా హెలికాప్టర్ ఒకటి, అమెరికా హెలికాప్టర్ ఒకటి. రెండూ పక్కపక్కన పెడితే ఎంత బాగుంటుందో చూడండి. ఒకే షీట్‌లో రెండూ ఇవ్వొచ్చు. ఎవరైనా చేస్తే మొదట కొనేది నేనే.

విశాఖలో నౌకాదళ విమాన స్థావరం ఐఎన్ఎస్ డేగా ఉంది. 2007లో అమెరికా నుంచి వచ్చిన జలాశ్వ నౌకతో పాటు ఆరు యూహెచ్-3హెచ్ సీ కింగ్‌లు కొన్నాం. 2009 మార్చిలో అక్కడ వాటితో ఐఎన్ఏఎస్ 350 స్క్వాడ్రన్ ఏర్పడింది. 2024 జూన్‌లో వాటిని విరమింపజేశారు. 66 నంబర్ హెలికాప్టర్ ఏ కుటుంబానిదో ఇవీ ఆ కుటుంబానివే. ఆ రకానికి కిట్‌లు దొరుకుతున్నాయి. విశాఖవాళ్లు రోజూ తల పైకెత్తి చూసిన హెలికాప్టర్‌కి డెకాల్స్ మాత్రం వెతుక్కోవాలి.

ప్రశ్నలు అడగండి. అమ్మా, ముందు మీరు.

(ఇంట్లో ప్రింటర్‌తో చేసుకోవచ్చా అని ఒకరు అడిగారు.)

చేసుకోవచ్చు. ఇంక్‌జెట్ అయితే అచ్చు వేశాక పూర్తిగా ఆరనిచ్చి, క్లియర్ వార్నిష్ రెండు పూతలు వేయాలి. లేదంటే నీళ్లలో సిరా కారిపోతుంది. ఇంక్‌జెట్ తెలుపు వేయలేదు. నల్ల అక్షరాలైతే క్లియర్ డెకాల్ పేపర్ చాలు. మన రౌండెల్‌కి తెల్ల డెకాల్ పేపర్ మీద అచ్చు వేసి గుండ్రంగా కత్తిరించుకోవచ్చు. గుండ్రం కత్తిరించడానికి సర్కిల్ కట్టర్ వాడండి, కత్తెర వద్దు. నల్లటి హెలికాప్టర్ మీద తెల్ల నంబర్ కావాలంటే మాత్రం అంకెల ఆకారంలో మాస్క్ కోసి ఎయిర్‌బ్రష్‌తో వేసుకోవడమే నయం.

(పాత షీట్లు పసుపు పట్టాయి, పారేయాలా అని ఒక పెద్దాయన అడిగారు.)

పారేయకండి సార్. కిటికీ అద్దానికి లోపలి వైపు నుంచి టేప్‌తో అంటించండి, బొమ్మ ఎండ వైపు ఉండేలా. మన ఎండకి పసుపు చాలావరకు పోతుంది. ఆ తర్వాత పనికిరాని గుర్తు ఒకటి కత్తిరించి నీళ్లలో వేసి చూడండి. ముక్కలైపోతే మైక్రోస్కేల్ వాళ్ల లిక్విడ్ డెకాల్ ఫిల్మ్ షీట్ మొత్తానికి పూయండి, కొత్త పొర ఏర్పడుతుంది. అప్పుడు ప్రతి గుర్తూ విడిగా కత్తిరించుకోవాలి.

(విశాఖ నుంచి వచ్చిన ఒక విద్యార్థి యూహెచ్-3హెచ్ చేయాలనుకుంటున్నానని, డెకాల్స్ ఎలా అని అడిగాడు.)

బాబూ, చాలా మంచి ఆలోచన. ముందు తారీఖు ఎంచుకో. డిసెంబర్ 4 నేవీ డే విన్యాసాలు ఆర్కే బీచ్‌లో జరిగేవి కదా, జనం తీసిన ఫొటోలు, నౌకాదళం బయటికి విడుదల చేసిన ఫొటోలు చాలా ఉన్నాయి. బేస్ లోపల ఫొటోలు తీయడం నిషేధం, ఆ ఊసే వద్దు. ఒకే హెలికాప్టర్‌కి రెండు వైపులా ఫొటోలు దొరికేదాకా వెతుకు. ఐఎన్ అక్షరాలతో మొదలయ్యే నంబర్ ఉంటుంది. రెండు ఫొటోల్లో అదే నంబర్ ఉండాలి, లేకపోతే వేరే హెలికాప్టర్ కుడి వైపు నీ దాని మీదికి వచ్చేస్తుంది.

తర్వాత కొలతలు. ఫొటోలో అక్షరం ఎత్తు నేరుగా కొలవలేవు. అదే తలంలో, దాని పక్కనే ఉన్న కిటికీనో తలుపునో తీసుకో. ఫొటోలో తలుపు ఎత్తులో అక్షరం ఎన్నో వంతు ఉందో చూడు. నీ కిట్ తలుపుని స్కేల్‌తో కొలిచి అదే వంతు లెక్కవేయి. ఫొటో పక్కవాటుగా తీసింది అయితే అడ్డం కొలతలు నమ్మకు, నిలువు కొలతలే నమ్ము. కంప్యూటర్‌లో గీశాక వెంటనే డెకాల్ పేపర్ మీద వేయొద్దు, అది ఖరీదు. మామూలు తెల్ల కాగితం మీద అచ్చు వేసి, కత్తిరించి, మాస్కింగ్ టేప్‌తో మోడల్‌కి అంటించు. మోడల్‌ని ఆ ఫొటో తీసిన కోణంలోనే ఫోన్‌తో ఫొటో తీసి రెండూ పక్కపక్కన పెట్టి చూడు. నంబర్ కిటికీకి దగ్గరైందా దూరమైందా అప్పుడే తేలిపోతుంది. సరిపోయాకే డెకాల్ పేపర్ పెట్టు. గీసిన ఫైల్ మాత్రం జాగ్రత్త చేసి మాకూ పంపు. 1/72కి గీస్తే 1/48కి పెంచుకోవడం తేలిక, ఇక్కడ కావాలనేవాళ్లు చాలామంది ఉన్నారు.